ప్లేగు కాలంలో పండిత రమాబాయి

ఏప్రిల్ నెల పండిత రమాబాయి గారిని జ్ఞాపకం చేసుకోవలసిన నెల. ఆమె 1858 ఏప్రిల్ 23న పుట్టారు, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించారు. మన సంఘాల్లో ఆమె పేరు వినిపించినప్పుడల్లా మూడు సంగతులు చెప్పుకుంటాం. కేడ్గావ్‌లో ఆమె స్థాపించిన ముక్తి మిషన్, 1905లో అక్కడ వచ్చిన ఉజ్జీవం, ఆమె మరాఠీలోకి చేసిన బైబిలు అనువాదం. ఈ మూడూ గొప్పవే. ఈసారి మాత్రం ఆమె జీవితంలో అంతగా చెప్పుకోని ఒక సంవత్సరాన్ని పాఠకుల ముందు పెట్టాలని అనుకున్నాము. అది 1897. ప్లేగు వచ్చిన సంవత్సరం.

ఎందుకంటే, కరోనా రోజులు దాటి వచ్చిన తర్వాత కూడా ఒక ప్రశ్న మన మధ్య ఉండిపోయింది. తెగులు వచ్చినప్పుడు సంఘం పని ప్రార్థించడం, అన్నం పెట్టడం వరకేనా? అధికారులు చేసేదాంట్లో అన్యాయం కనిపిస్తే అడగడం కూడా సంఘం పనేనా? అడగడం రాజకీయమని, మనకెందుకని అనేవారు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. రమాబాయి గారి జీవితం ఈ ప్రశ్నకు ఏ జవాబు ఇస్తుందో చూద్దాం.

పాడె మోయడానికి నలుగురు లేని రోజు

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆడవారికి సంస్కృతం నేర్పకూడదని లోకమంతా అనుకునే రోజుల్లో ఆయన భార్య లక్ష్మీబాయికి నేర్పారు. అందుకు పండితుల సభ ముందు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. పశ్చిమ కనుమల అడవుల్లో గంగామూల దగ్గర ఆయన కట్టుకున్న ఆశ్రమంలో రమాబాయి పుట్టారు. కొంతకాలానికి ఆస్తి కరిగిపోయింది. కుటుంబమంతా ఊరూరా తిరుగుతూ పురాణం చెప్పుకుని బ్రతికింది. కూలిపని వారికి తెలియదు. చేయి చాచి అడగడానికి మనసు ఒప్పలేదు.

1874 నాటి కరవులో ఆ కుటుంబం దక్షిణాదిన ఉంది. తినడానికి ఏమీ మిగలని స్థితిలో వారు మన తిరుపతి ప్రాంతపు అడవిలో ఆకులు, అడవి కాయలు తిని రోజులు గడిపారు. ఆ సంవత్సరమే తండ్రి చనిపోయారు. కొద్దికాలానికే తల్లి కూడా పోయారు. ఆమె పాడె మోయడానికి ఇద్దరు మాత్రమే ముందుకు వచ్చారు. మిగిలిన రెండు వైపులా కొడుకు శ్రీనివాస, కూతురు రమ పట్టారు. రమకు అప్పటికి 16 ఏళ్ళు. పొట్టిది కావడంతో ఆ భారాన్ని తల మీద పెట్టుకుని మోసింది.

2021 వేసవిని ఎరిగినవారికి ఈ మాట వేరే వివరించనక్కర లేదు. సొంతవారి శవాన్ని ముట్టుకోవడానికి మనుషులు దొరకకపోవడం ఎలా ఉంటుందో ఆ రోజు మనం చూశాం. రమాబాయి దాన్ని పదహారేళ్ళ వయసులో చూశారు. ఆ తర్వాత ఆమె చేసిన ప్రతి పని వెనుక ఆ కరవు ఉందని మేము అనుకుంటున్నాము.

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె విద్య చూసి పండిత అనీ సరస్వతి అనీ బిరుదులిచ్చారు. 1880లో అన్న చనిపోయాడు. ఆ సంవత్సరమే ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని పెళ్ళి చేసుకున్నారు. ఆయనది వేరే కులం. రెండేళ్ళు కూడా నిండకముందే, 1882 ఫిబ్రవరిలో, ఆయన కలరాతో చనిపోయారు. చేతిలో చంటిపిల్ల మనోరమ. తల్లికి 23 ఏళ్ళు.

అడగడం నేర్చిన స్త్రీ

భర్త పోయిన ఏడాదే ఆమె పూణే చేరి ఆర్య మహిళా సమాజం స్థాపించారు. అదే ఏడాది విద్యా విషయాలు విచారించడానికి ప్రభుత్వం నియమించిన హంటర్ కమిషన్ పూణే వచ్చినప్పుడు సాక్ష్యం ఇచ్చారు. ఆమె అడిగినవాటిలో రెండింటిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆడపిల్లలకు చదువు చెప్పడానికి ఆడ ఉపాధ్యాయులు కావాలి. ఆడవారికి వైద్యం చేయడానికి ఆడ డాక్టర్లు కావాలి. మగ డాక్టరు ముందు నోరు విప్పలేక, ఒంటిని చూపలేక, వేల మంది ఆడవారు వైద్యం లేకుండానే చనిపోతున్నారని ఆమెకు తెలుసు. పదిహేనేళ్ళ తర్వాత ప్లేగు వచ్చినప్పుడు ఈ మాట ఎంత నిజమో పూణే అంతా చూసింది.

1883లో ఆమె ఇంగ్లండు వెళ్ళారు. సెప్టెంబరు 29న వాంటేజ్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడి సంఘపెద్దలు చెప్పినదాన్ని కూడా ఆమె గుడ్డిగా తలూపి ఒప్పుకోలేదు. వాక్యం చదివి, ప్రశ్నలు వేసి, తన మనస్సాక్షికి నిలిచినదాన్నే పట్టుకున్నారు. క్రీస్తుకు లోబడడం వేరు, ఆయన పేరుతో మాట్లాడే ప్రతి అధికారికీ లోబడడం వేరు అని ఆమెకు మొదటి నుంచీ స్పష్టంగా తెలుసు. అమెరికాలో ఉండగా 1887లో హిందూ అగ్రకుల స్త్రీల స్థితిగతుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1889 మార్చిలో బొంబాయిలో శారదా సదనం తెరిచారు. ఆ ఏడాది చివర బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు ప్రతినిధులుగా వచ్చిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. స్త్రీలకు గాని, పేదలకు గాని ఓటు లేని రోజుల మాట ఇది.

మరుసటి ఏడాది సదనం పూణేకు మారింది. 1893 నాటికి అక్కడ పెద్ద గొడవ లేచింది. సదనంలో పిల్లలు క్రైస్తవులవుతున్నారని ఊరంతా గగ్గోలు పుట్టింది. చాలామంది తమ పిల్లలను తీసుకుపోయారు. అంతకుముందు ఆమెను మెచ్చుకున్న పెద్దలు దూరమయ్యారు. తిలక్ గారి కేసరి పత్రిక ఆమెను తీవ్రంగా విమర్శించింది. పూణేలో ఆమె దాదాపు ఒంటరి. ఈ సంగతి మరచిపోతే 1897లో ఆమె చేసిన పని విలువ మనకు అర్థం కాదు.

ప్లేగు, చట్టం, సైనికులు

1896 చివర మధ్య పరగణాల్లో కరవు వచ్చింది. రమాబాయి వెంటనే బయలుదేరారు. ఆకలితో అలమటించే ఆడపిల్లలను, చెడ్డవారి చేతుల్లో పడబోతున్న వితంతువులను వెతికి తీసుకురావడం మొదలుపెట్టారు. దాదాపు 300 మందిని అలా తీసుకువచ్చారు. సరిగ్గా అదే సమయానికి బొంబాయిలో పుట్టిన ప్లేగు పూణేకు పాకింది.

1897 ఫిబ్రవరి 4న బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం చేసింది. చాలా చిన్న చట్టం. తెగులును ఆపడానికి అవసరమనుకున్న ఏ ఆజ్ఞనైనా ఇచ్చే అధికారం దానితో ప్రభుత్వానికి వచ్చింది. సదుద్దేశంతో చేసినదానికి ఏ అధికారి మీదా వ్యాజ్యం వేయడానికి వీలు లేదని కూడా అందులో రాశారు. అన్యాయం జరిగిన మనిషి ఎక్కడికి వెళ్ళి మొర పెట్టుకోవాలో మాత్రం రాయలేదు. ప్రజలు ఓటు వేసి ఎన్నుకున్న చట్టసభ అప్పుడు లేదు.

పూణేలో ప్లేగు కమిటీకి రాండ్ అనే అధికారి అధ్యక్షుడు. మార్చి నుంచి మే వరకు సైనికులు ఇల్లిల్లూ సోదా చేశారు. రోగులను ఆసుపత్రికి, ఇంట్లో మిగిలినవారిని ఊరి బయట శిబిరాలకు తరలించారు. సామాను కాల్చారు, నేల తవ్వారు, మందునీళ్ళు చల్లారు. మగవారు ఆడవారిని పరీక్షించారన్నదే అందరినీ ఎక్కువగా గాయపరచిన సంగతి. న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. ప్లేగు చిన్న జబ్బు కాదు. ఆ విడత ప్లేగు ఈ దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. రోగిని వేరుగా ఉంచకపోతే ఏమవుతుందోనన్న అధికారుల భయం ఉత్త భయం కాదు. కానీ ఎలుకల మీది ఫ్లీ అనే పురుగులు ప్లేగును మోస్తాయని పాల్ లూయీ సిమోన్ కరాచీలో చూపించింది 1898లో. అంటే 1897లో అధికారులకు దారి సరిగా తెలియదు. తెలియనప్పుడు జనాన్ని అడిగి, వారిని కలుపుకుని నడవాలి. వారు మాత్రం తుపాకులతో నడిచారు.

ఆ మార్చి 10నే పూణేలో సావిత్రీబాయి ఫూలే ప్లేగుతో చనిపోయారు. కొడుకు డాక్టర్ యశ్వంత్ నడుపుతున్న వైద్యశాలకు రోగులను చేరుస్తూ ఆమెకు ఆ జబ్బు అంటుకుంది. రమాబాయి బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆమెను సమర్థించి రాసిన జోతీరావు ఫూలే సావిత్రీబాయి భర్తే. మతం వేరైనా ఈ ఇద్దరు స్త్రీలు నిలబడిన చోటు ఒక్కటే.

లోబడిన చోట, లోబడని చోట

కరవు ప్రాంతం నుంచి తెచ్చిన పిల్లలను పూణేలో ఉంచడానికి వీల్లేదని మేజిస్ట్రేటు ఆజ్ఞ ఇచ్చాడు. వందల మంది పిల్లలు, ఊరంతా ప్లేగు. రమాబాయి ఆ ఆజ్ఞను ధిక్కరించలేదు. పూణేకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో కేడ్గావ్ దగ్గర ఆమె అంతకుముందే పండ్లతోట కోసం కొన్న భూమి ఉంది. ఆ పిల్లలను అక్కడికి తరలించారు. ఇళ్ళు లేవు. డేరాలు, పాకలే. గుంపును పట్టణంలో ఉంచితే జబ్బు పెరుగుతుందన్న వాదనలో న్యాయం ఉంది గనుక ఆమె లోబడ్డారు. ఆ తరలింపులోనుంచే ముక్తి పుట్టింది.

ఇంకొక విషయంలో ఆమె లోబడలేదు. ఆ మే నెలలో బొంబాయి గార్డియన్ అనే క్రైస్తవ పత్రికకు ఆమె ఒక లేఖ రాశారు. పూణే ప్లేగు ఆసుపత్రిలోనూ శిబిరంలోనూ ఆడవారికి రక్షణ లేదని, తన సదనానికి చెందిన ఒక అమ్మాయికే అక్కడ అన్యాయం జరిగిందని అందులో తెలియజేశారు. కింద తన పేరు పెట్టారు.

ఆ లేఖ రాయడం వల్ల ఆమె ఏమి పోగొట్టుకోగలరో ఆలోచించండి. ఆమె పని సాగడానికి ప్రభుత్వం దయ కావాలి. ఆమెకు చందాలు పంపేవారిలో చాలామంది ఇంగ్లండు, అమెరికా క్రైస్తవులు. పాలించేది క్రైస్తవ ప్రభుత్వమని అనుకునే రోజులవి. పైగా ఆమె ఎవరి పక్షాన మాట్లాడారు? శిబిరాల్లో ఉన్న ఆడవారిలో ఎక్కువమంది నాలుగేళ్ళ కిందట తనను వెలివేసినంత పని చేసిన ఊరివారే. వారు తనవారు కారని ఊరుకుంటే అడిగేవారు లేరు. ఆమె ఊరుకోలేదు.

ప్రభుత్వం ఆ ఆరోపణలను త్రోసిపుచ్చింది. అదే రోజుల్లో గోపాలకృష్ణ గోఖలే ఇంగ్లండులో ఉన్నారు. పూణే స్నేహితులు రాసిన ఉత్తరాలను నమ్మి సైనికుల దౌర్జన్యాల గురించి అక్కడ బహిరంగంగా చెప్పారు. తిరిగి వచ్చాక రుజువు చూపమన్నారు. ఉత్తరాలు రాసినవారిలో ముందుకు వచ్చి నిలబడేవారు లేకపోయారు. గోఖలే అందరి ఎదుట క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. రమాబాయి మాత్రం తన మాట మీదే నిలిచారు. చాటున చెప్పడానికి చాలామంది ఉంటారు. సంతకం పెట్టి చెప్పేవారు కొద్దిమందే ఉంటారు.

అంతలోనే జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చారు. రాండ్, అతనితోపాటు అయర్స్ట్ అనే మరో అధికారి చనిపోయారు. చాపేకర్ సోదరులను ఉరి తీశారు. రాజద్రోహ నేరం మోపి తిలక్‌కు జైలు శిక్ష వేశారు. జనం మొరను మొదట్లోనే విని ఉంటే ఇంత రక్తం చిందేదా? ప్రజలు నోరు తెరిచి అడిగే దారి మూసేస్తే కోపం వేరే దారి వెతుక్కుంటుంది. రమాబాయి తుపాకీ దారిని కోరలేదు, మౌనం దారినీ కోరలేదు. నిజాన్ని వెలుగులో పెట్టే మూడో దారిని పట్టుకున్నారు. ప్రజాస్వామ్యం నిలిచేది ఆ దారి మీదనే.

ఆ తర్వాత ఆమె పని ఆగలేదు, పెరిగింది. 1900 కరవులో గుజరాతు నుంచి వచ్చినవారితో కలిపి ముక్తిలో సుమారు 2000 మంది అయ్యారు. నేత, వ్యవసాయం, అచ్చుపని నేర్పారు. అంధులకు చదువు చెప్పారు. ఆమె వినికిడి సన్నగిల్లింది. 1921లో ఒక్కగానొక్క కూతురు మనోరమ చనిపోయారు. అయినా మరాఠీ బైబిలు పని ముగించి, మరుసటి ఏప్రిల్‌లో ఆమె వెళ్ళిపోయారు.

మన సంఘాలకు

1897 నాటి ఆ చట్టాన్నే మన ప్రభుత్వాలు 2020లో బయటికి తీశాయి. లాక్‌డౌన్ అవసరమా కాదా అన్నది ఇక్కడ మా చర్చ కాదు. జబ్బును ఆపడానికి మనుషులు దూరంగా ఉండక తప్పదు. లేవీయకాండము 13, 14 అధ్యాయాలు చదివినవారికి ఇది కొత్త కాదు. అనుమానం ఉన్నవాడిని ఏడు రోజులు వేరుగా ఉంచాలి. కానీ ఆ అధ్యాయాల్లోనే మరి మూడు సంగతులున్నాయి. ఏడవ రోజున యాజకుడు తానే మళ్ళీ చూడాలి. బాగుపడిన మనిషి కోసం యాజకుడే పాళెము వెలుపలికి వెళ్ళాలి. అతడు బీదవాడైతే అర్పణ తగ్గించాలి. అంటే వేరుగా ఉంచిన మనిషిని మరచిపోవడానికి వీల్లేదు, అతని దగ్గరికి వెళ్ళి చూసే బాధ్యత దేవుని సేవకుడిది, బీదవాడి స్థితిని బట్టి నియమం వంగాలి.

2020లో మన దగ్గర ఈ మూడూ జరిగాయా? ఆ ఏప్రిల్‌లో తెలంగాణ మిరప తోటల్లో పనికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బాలిక ఒకతె, పన్నెండేళ్ళ పిల్ల, లాక్‌డౌన్‌లో బస్సుల్లేక తోటివారితో నడుచుకుంటూ బయలుదేరి, ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా చనిపోయింది. ఆమెను చంపింది కరోనా కాదు. నాలుగు గంటల వ్యవధిలో దేశమంతా మూతపడినప్పుడు ఆమె వంటివారు ఎలా ఇల్లు చేరతారని ఎవరూ లెక్క వేయలేదు. ఆమెకు ఓటు లేదు. ఆమె తల్లిదండ్రుల మాట తీసుకువెళ్ళి అధికారుల బల్ల మీద పెట్టే మనిషి లేడు. అన్నం పొట్లం ఇవ్వడానికి దారి పొడవునా మంచివారు నిలబడ్డారు, అందులో మన సంఘాలవారూ ఉన్నారు. దేవునికి స్తోత్రం. కానీ ఆ పిల్లకు అన్నంతోపాటు ఒక బండి కావలసి వచ్చింది. ఆ బండి కోసం తహసీల్దారును, కలెక్టరును అడిగే గొంతు కావలసి వచ్చింది.

రమాబాయి రెండు పనులనూ విడదీయలేదు. పిల్లలను కేడ్గావ్‌కు చేర్చిన ఆమే పత్రికకు లేఖ రాశారు. సేవ చేసినవారికే మాట్లాడే హక్కు గట్టిగా ఉంటుంది. ఎందుకంటే లోపల ఏం జరిగిందో చూసింది వారే. చేతులతో పనిచేసి నోరు మూసుకుంటే, చూసిన సాక్ష్యాన్ని దాచుకున్నట్టే.

మళ్ళీ ఒక తెగులు రాదని ఎవరూ చెప్పలేరు. అందుకు మన సంఘాలు ఇప్పుడే సిద్ధపడవచ్చు. మీ ఊళ్ళో రేషన్ కార్డు లేనివారు, వలస వచ్చి అద్దె గదుల్లో ఉంటున్నవారు, ఒంటరి వృద్ధులు ఎవరో సంఘపెద్దలు తెలుసుకోండి. వారు మన సంఘస్థులా కారా అని చూడకండి. మీ ఊరి ఆశా కార్యకర్తకు, నర్సులకు, పారిశుద్ధ్య కార్మికులకు జీతాలు, రక్షణ సామగ్రి సరిగా అందుతున్నాయో లేదో అడగండి. గ్రామసభకు, వార్డు సమావేశానికి వెళ్ళండి. ఆరోగ్య కేంద్రంలో ఆడ డాక్టరు ఉన్నారో లేదో అడగండి. ఆ ప్రశ్న రమాబాయి 1882లోనే వేశారు. అన్యాయం కనిపిస్తే నిజానిజాలు విచారించి, మర్యాదగా, పేరు పెట్టి రాయండి. వదంతులు పంచకండి, భయంతో చూసినదాన్ని దాచకండి. క్రైస్తవ పత్రికలకు కూడా ఇందులో బాధ్యత ఉంది. ఆనాడు ఆ లేఖను అచ్చువేసింది ఒక క్రైస్తవ పత్రికే. అటువంటి లేఖ వస్తే పక్కన పెట్టని పత్రికగా ఉండాలన్నది మా ప్రార్థన.

ఈ ఏప్రిల్‌లో ఏదో ఒక ఆదివారం మీ సంఘంలో రమాబాయి గారి కథ పిల్లలకు చెప్పండి. ఉజ్జీవం గురించి చెప్పండి, బైబిలు అనువాదం గురించి చెప్పండి. ఆ లేఖ గురించి కూడా చెప్పండి. ఆపదలో ఉన్నవారికి తోడు నిలిచే చేతులను, వారి పక్షాన నిజం పలికే నోటిని, పాళెము వెలుపలికి వెళ్ళే పాదాలను ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక. ఆమేన్.